హవాలా: ధర్మశాస్త్రంలో, చట్టంలో

తెలుగులో 'షరాబు' అనే మాట ఒకటి ఉంది. నాణేలను పరీక్షించి, ఒక రకం ద్రవ్యాన్ని మరొక రకం ద్రవ్యంతో మార్చి ఇచ్చేవాడని దాని అర్థం. అరబీలోని 'సర్రాఫ్' పదమే తెలుగు నాలుకపై ఇలా మారింది. జమా, బాకీ, వసూలు, రసీదు, జామీను వంటి మాటలు కూడా అరబీ, పారసీల నుంచి ఈ దారినే వచ్చి తెలుగువారి లెక్కల పుస్తకాల్లో స్థిరపడ్డాయి. షమ్సుల్ ఉమరా బిరుదు గల పాయెగా నవాబుల పేరు మీదుగా వెలసిన శంషాబాదులో 2008 మార్చిలో విమానాశ్రయం ప్రారంభమైంది. అక్కడ అద్దాల వెనుక కూర్చుని రియాళ్లు, దిర్హములు, దీనారులు లెక్కపెట్టి ఇచ్చే ఉద్యోగి ఆ పాత షరాబుకు వారసుడే.

ఆ బల్ల మీద రెండు శాస్త్రాలు ఒకేసారి పనిచేస్తాయి. ఒకటి, ద్రవ్య మార్పిడిని గురించి ఫుఖహాలు (ధర్మశాస్త్రవేత్తలు) నిర్దేశించిన నియమాలు. వీటి మూలసూత్రాలు స్థిరమైనవి. రెండవది, రిజర్వు బ్యాంకు, ఆదాయపు పన్ను శాఖ, కస్టమ్స్ శాఖ ఎప్పటికప్పుడు జారీచేసే నియమాలు. ఇవి మారుతూనే ఉంటాయి. హజ్, ఉమ్రాలకు బయలుదేరే వారికీ, పాతబస్తీ నుంచీ కరీంనగరు, జగిత్యాల, నిజామాబాదు ప్రాంతాల నుంచీ గల్ఫుకు వెళ్లి వచ్చే శ్రామికులకూ ఈ రెండింటితోనూ పని పడుతుంది. మొదటిది తెలిస్తే రెండవది అక్కర లేదని కొందరు అనుకుంటారు. రెండవది సర్కారు వ్యవహారమనీ, దానికి ధర్మంతో నిమిత్తం లేదనీ మరికొందరు భావిస్తారు. ఈ రెండు అభిప్రాయాలూ ఎందుకు పొరపాటో పరిశీలించవలసి ఉంది.

హాజీల రియాళ్లు

భారత హజ్ కమిటీ ద్వారా వెళ్లే ప్రతి యాత్రికునికీ పూర్వం 2,100 రియాళ్లు కమిటీయే ఏర్పాటు చేసి ఇచ్చేది. వాటి వెల యాత్రికుడు చెల్లించే మొత్తంలోనే కలిసి ఉండేది. 2023 హజ్ నుంచి ఈ పద్ధతి ఆగిపోయింది. ఎవరికి ఎంత అవసరమో అంతే వారు తెచ్చుకోవచ్చుననీ, కావలసినవారికి స్టేట్ బ్యాంకు నగదుగాను, కార్డు రూపంలోను రియాళ్లు సమకూరుస్తుందనీ ప్రభుత్వం ప్రకటించింది. మార్పు మంచిదే. అంత సొమ్ము అవసరం లేనివారికి భారం తగ్గింది. కాని అంతవరకూ షరాబు మొహం చూడనవసరం లేని వృద్ధ యాత్రికుడు మొదటిసారిగా సొంతంగా విదేశీ ద్రవ్యం కొనవలసిన వాడయ్యాడు.

అతడు ఎక్కడ కొంటాడు? జిద్దా నుంచి వచ్చిన పొరుగువాని వద్ద మిగిలిన రియాళ్లు ఉంటాయి. వీధిలోని ట్రావెల్సు వాని సొరుగులో మరికొన్ని ఉంటాయి. విమానాశ్రయంలో కన్నా పది పైసలు తక్కువకే ఇస్తామంటారు. ఈ బేరంలో ఇరువైపులా మోసం లేకపోవచ్చు. అయినా 1999 నాటి విదేశీ మారకద్రవ్య నిర్వహణ చట్టం (ఫెమా) 3వ సెక్షను ప్రకారం రిజర్వు బ్యాంకు అధికారపత్రం లేని వ్యక్తికి విదేశీ ద్రవ్యం బదిలీ చేయడం ఉల్లంఘనే. పొరుగువాడు తన వద్ద మిగిలినది అధీకృత మార్పిడిదారుకే అమ్మాలి, యాత్రికుడు అతని వద్దనే కొనాలి. అధికారపత్రం దుకాణంలో అందరికీ కనిపించేటట్లు పెట్టి ఉండాలన్నది నిబంధన. దానిని చూడడం, రసీదు అడిగి తీసుకోవడం కొనేవాని హక్కు. కొనుగోలు విలువ 50,000 రూపాయలు దాటితే పైకం నగదుగా చెల్లించకూడదు, బ్యాంకు ద్వారానే చెల్లించాలి. మామూలు ప్రయాణికులకు నోట్ల రూపంలో ఇచ్చే విదేశీ ద్రవ్యానికి 3,000 డాలర్ల పరిమితి ఉండగా, హజ్, ఉమ్రా యాత్రికులకు దాని నుంచి సడలింపు ఉంది. ఈ సడలింపు సంగతి చాలామంది యాత్రికులకు తెలియదు.

1959

ద్రవ్య నియమాలు మారడం ఈనాటి వింత అనుకోకూడదు. తెలంగాణలో ఒక తరం రెండు రూపాయలతో బ్రతికింది. నిజాం ప్రభుత్వపు హాలీ సిక్కా ఒకటి, బ్రిటిషు ఇండియా కల్దారు మరొకటి. 1950లో ఏడు హాలీ రూపాయలకు ఆరు ఇండియా రూపాయల చొప్పున లెక్క కట్టారు. హాలీ సిక్కా చెల్లుబాటు పూర్తిగా రద్దయినది 1959లో.

సరిగ్గా ఆ ఏడే రిజర్వు బ్యాంకు మరో రెండు రకాల నోట్లు తెచ్చింది. అంతవరకు కువైటు, బహ్రెయిను, కతరు, దుబాయి ప్రాంతాలలో భారతీయ రూపాయే చెలామణీలో ఉండేది. ఆ రూపాయలతో బంగారం దొంగరవాణా సాగుతూ దేశపు విదేశీ నిల్వలు హరించుకుపోతున్నాయని ప్రభుత్వం గల్ఫుకు ప్రత్యేక నోట్లను ముద్రించింది. హజ్ యాత్రికులకు 'హెచ్.ఏ.' అక్షరాలతో మొదలయ్యే వరుస సంఖ్య గల పది, వంద రూపాయల 'హజ్ నోట్లు' వేరుగా వచ్చాయి. కువైటు 1961లో సొంత దీనారు తెచ్చుకుంది. బహ్రెయిను 1965లోను, మిగిలిన ఎమిరేట్లు 1966 జూన్‌లో రూపాయి విలువ తగ్గింపు దరిమిలాను గల్ఫు రూపాయిని విడిచిపెట్టాయి. ఒకనాటి హైదరాబాదీ హాజీ ఇంటి వద్ద హాలీ, దారిలో కల్దారు, మక్కాలో రియాలు లెక్కపెట్టుకుని ఉంటాడు. అతని మనుమడికి ఈనాటి నియమాలు నేర్చుకోవడం అంతకన్నా కష్టం కారాదు.

సర్ఫ్ నియమం

ద్రవ్యాన్ని ద్రవ్యంతో మార్చడాన్ని ఫిఖ్హ్‌లో 'సర్ఫ్' అంటారు. బంగారం, వెండి, మరి నాలుగు వస్తువులను గురించిన ప్రసిద్ధ హదీసు దీనికి ఆధారం. ఒకే జాతి అయితే సరిసమానంగా ఉండాలి, ఇచ్చిపుచ్చుకోవడం అక్కడికక్కడే జరగాలి. జాతి వేరయితే హెచ్చుతగ్గులు ఉండవచ్చు గాని చేతికి చేయి మారడం మాత్రం తప్పనిసరి. కాగితపు నోటు దానంతట అదే స్వతంత్ర ద్రవ్యమనీ, సర్ఫ్ నియమాలు, జకాత్ నియమాలు దానికి పూర్తిగా వర్తిస్తాయనీ జిద్దాలోని ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ 1986లో తీర్మానించింది. రూపాయి, రియాలు వేర్వేరు జాతులు. కనుక శంషాబాదు బల్ల వద్ద రేటు బజారు కన్నా హెచ్చుగా ఉంటే అది నష్టమే గాని రిబా (వడ్డీ) కాదు.

దీనికి విరుద్ధంగా, పండుగకు పిల్లలకు ఈదీ ఇచ్చేందుకు వెయ్యి రూపాయల కొత్త నోట్ల కట్టను పదకొండు వందలకు కొనడం ఒకే జాతిలో హెచ్చు ఇవ్వడం అవుతుంది. విమానాశ్రయపు రేటును శంకించే ధర్మనిష్ఠులు కొందరు ఈ కట్టలను శంక లేకుండా కొంటారు.

కార్డులో రియాళ్లు నింపించుకుంటే చేతికి చేయి మారినట్లేనా? ఫిఖ్హ్ అకాడమీ 1990లో దీనికి కూడా సమాధానం చెప్పింది. ఖాతాలో జమ కావడం, సొమ్ము అతని అధీనంలోకి రావడం 'ఖబ్జె హుక్మీ', అనగా చేతిలో పడినట్లు పరిగణించదగిన స్వాధీనమని తీర్మానించింది. కనుక రూపాయలు చెల్లించిన వెంటనే కార్డులో రియాళ్లు జమ అయితే అభ్యంతరం లేదు. ఈ రోజు రేటు ఖాయం చేసుకుని, పైకం రేపు, రియాళ్లు ఎల్లుండి అన్న ఒప్పందం మాత్రం సర్ఫ్‌గా చెల్లదు.

ఫుఖహాల హవాలా

ఇక హవాలా. పత్రికలలో నేరవార్తలతోనే ముడిపడి కనిపించే ఈ పదం నిజానికి ధర్మశాస్త్ర గ్రంథాలలో ఒక పూర్తి అధ్యాయానికి శీర్షిక. ఉస్మానియా సామ్రాజ్యపు 'మజల్లా'లో నాలుగవ గ్రంథం దీనికే కేటాయించబడింది. ఒకరి బాధ్యతపై ఉన్న బాకీని మరొకరి బాధ్యతపైకి మార్చడమే హవాలా. అప్పు పడినవాడు 'ముహీల్', అప్పు ఇచ్చినవాడు 'ముహాల్', బాకీ తీర్చేందుకు కొత్తగా ఒప్పుకున్నవాడు 'ముహాల్ అలైహి'. బాకీ స్వీకరించినవాడు ఏమీ లేక మరణించినా, బాకీయే లేదని బొంకి సాక్ష్యం దొరకకపోయినా అప్పు ఇచ్చినవాడు మొదటివాని వద్దకు తిరిగి రావచ్చునని హనఫీలు అంటారు. షాఫియీల ప్రకారం బాధ్యత ఒకసారి మారితే మారినట్లే. అప్పు ఇచ్చినవానికి రక్షణ ఎక్కడ ఉండాలన్నదే వారి చర్చకు కేంద్రం.

దూరప్రాంతానికి సొమ్ము చేరవేసే పద్ధతిని వారు వేరుగా చర్చించారు. దాని పేరు 'సుఫ్తజా'. ఒక నగరంలో సొమ్ము ఇచ్చి, దానికి పత్రం పుచ్చుకుని, మరొక నగరంలో తీసుకోవడం. దారిలో దొంగల భయం తప్పుతుంది. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ జుబైర్ (రజి) మక్కాలో ప్రజల నుంచి సొమ్ము తీసుకుని, ఇరాకులో ఉన్న సోదరుడు ముస్అబ్‌కు వ్రాసేవారనీ, అక్కడ వారికి ఆ సొమ్ము ముట్టేదనీ ఉల్లేఖనం ఉంది. అయినా 'హిదాయా' కర్త మర్గీనానీ (మరణం 1197) హవాలా అధ్యాయం చివర సుఫ్తజాను మక్రూహ్ (అవాంఛనీయం) అన్నారు. కారణం, అప్పు ఇచ్చినవాడు దారి భయం తప్పడమనే లాభాన్ని ఆ అప్పు నుంచి పొందుతున్నాడు. ఎంత సన్నని ప్రశ్ననైనా ఆ పండితులు విడిచిపెట్టలేదు.

ఈనాటి హవాలాను వీటితో పోల్చి చూడాలి. రియాదులో ఒక శ్రామికుడు వెయ్యి రియాళ్లు ఒక మనిషి చేతిలో పెడతాడు. మరునాడు జగిత్యాలలో అతని తల్లికి ఎవరో వచ్చి రూపాయలు ఇచ్చిపోతారు. ఇందులో ముందుగా ఉన్న బాకీ ఏదీ లేదు. కనుక ఇది ఫుఖహాల హవాలా కాదు. ఇచ్చినది రియాలు, పుచ్చుకున్నది రూపాయి, మధ్య ఒక రోజు గడువు. దీనిని సర్ఫ్ అంటే చేతికి చేయి మారలేదు. అప్పు అనో, వకాలత్ (ప్రాతినిధ్యం) అనో అన్వయించి చెల్లుబాటు చేసే ప్రయత్నం కొందరు పండితులు చేశారు. కాని హవాలా అన్న పేరు వినిపించినంత మాత్రాన ధర్మసమ్మతమైనదని వాదించేవారు ఆ అధ్యాయాన్ని చదవలేదనుకోవాలి.

తల్లి చేతిలోని నోట్లు

చమురు ధరలు పెరిగి గల్ఫు వలసలకు దారి తెరిచిన 1973లోనే విదేశీ మారకద్రవ్య నియంత్రణ చట్టం (ఫెరా) పార్లమెంటులో ఆమోదం పొంది 1974 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. శ్రామికుని జీతమూ ఆ చట్టమూ ఒకే ఈడువి. ఫెరా కింద ఉల్లంఘన నేరం, దానికి జైలు ఉండేది. 2000 జూన్ 1 నుంచి దాని స్థానంలో వచ్చిన ఫెమా కింద అది ప్రధానంగా జరిమానాతో పోయే తప్పు. జరిమానా ఆ సొమ్ముకు మూడింతల వరకు ఉండవచ్చు.

ఈ సడలింపు చూసి హవాలాకు ఇప్పుడు భయం లేదనుకున్నవారు ఉన్నారు. వారు రెండు విషయాలు గమనించలేదు. మొదటిది, ఫెమా పంపినవానినే గాక పుచ్చుకున్నవానిని కూడా బాధ్యుని చేస్తుంది. విదేశంలో ఉన్న వ్యక్తి తరపున ఇక్కడ ఎవరైనా సొమ్ము పుచ్చుకుని, దానికి సరిపడే ద్రవ్యం బయటి నుంచి దేశంలోకి రాకపోతే, ఆ పుచ్చుకోవడమే ఉల్లంఘన. అంటే జగిత్యాలలోని తల్లి. రెండవది, 2002లో చేసిన అక్రమార్జిత ధన చట్టం 2005 జూలై 1 నుంచి అమలులో ఉంది. నేరం ద్వారా వచ్చిన సొమ్మును చేతులు మార్చినవారికి మూడు నుంచి ఏడేళ్ల వరకు కఠిన కారాగార శిక్ష ఈ చట్టం కింద పడవచ్చు. 2009లో ద్రవ్య మార్పిడిదారులను కూడా దీని పరిధిలోకి తెచ్చారు. విమానాశ్రయపు బల్ల వద్ద పాస్‌పోర్టు, పాన్ కార్డు అడగడం వెనుక ఉన్నది ఇదే. చాలామంది దానిని ఉద్యోగి అనుమానంగా భావించి నొచ్చుకుంటారు.

తల్లి చేతికి వచ్చిన ఆ నోట్లు ఎవరివి? రియాళ్లు రియాదులోనే ఉండిపోయాయి. ఇక్కడ రూపాయలు ఇచ్చినవాడు అక్కడ ఆ రియాళ్లను వేరే పనికి వాడుకుంటాడు. అది బంగారం దొంగరవాణా కావచ్చు, సరుకు విలువ తగ్గించి చూపిన దిగుమతికి చెల్లింపు కావచ్చు, లంచం సొమ్మును దేశం దాటించడం కావచ్చు. ఈ మధ్య హవాలా పైకం నోట్ల బదులు ముక్కూ మొహం తెలియని ఖాతాల నుంచి ఫోను ద్వారా జమ అవుతున్నది. ఆ ఖాతా ఏదైనా సైబరు మోసం ఫిర్యాదులో ఉంటే పోలీసులు పుచ్చుకున్నవారి ఖాతాను కూడా స్తంభింపజేస్తారు. రేటులో కలిసి వచ్చిన వంద రూపాయల కోసం ఇంటి ఖర్చుల ఖాతా నెలల తరబడి మూతపడుతుంది.

శాసనసమ్మతమైన దారులు లేకపోలేదు. గల్ఫులోని ఎక్స్‌ఛేంజి సంస్థలు రిజర్వు బ్యాంకు ఏర్పాటు ప్రకారం ఇక్కడి బ్యాంకుల ద్వారా సొమ్ము చేరవేస్తాయి. చిన్న మొత్తాలకు ఉద్దేశించిన మనీ ట్రాన్స్‌ఫర్ పథకంలో 2025 నాటికి ఒక్కసారికి 2,500 డాలర్లు, ఏడాదికి ముప్పై సార్లు పరిమితి. అందులో 50,000 రూపాయల వరకు నగదుగా పుచ్చుకోవచ్చు. ఉద్యోగానికై విదేశం వెళ్లినవాడు తన మామూలు పొదుపు ఖాతాను 'ఎన్.ఆర్.ఓ.' ఖాతాగా మార్పించుకోవాలన్నది మరొక నియమం. ఏళ్ల తరబడి పాత ఖాతానే నడిపేవారు దీనిని ఎరుగరు. ఆ ఖాతాలో పడే వడ్డీ సంగతి వేరే చర్చ.

భారతదేశపు ముఫ్తీలు పలువురు ఈ విషయంలో దాదాపు ఒకే మాట చెబుతూ వచ్చారు. శ్రామికుడు చెమటోడ్చి సంపాదించిన సొమ్ము హవాలా ద్వారా చేరినంత మాత్రాన హరామ్ అయిపోదు. అయితే చట్టం నిషేధించినందున ఆ దారికి దూరంగా ఉండాలి. దీనికి ఆధారాలు స్పష్టమే. వీసా పుచ్చుకున్నవాడు, పౌరసత్వం ఉన్నవాడు ఆ దేశంతో ఒప్పందంలో ఉన్నాడు. ప్రజాహితం కోసం పాలకుడు ముబాహ్ (అనుమతించబడిన) విషయానికి హద్దు పెడితే దానిని పాటించవలసి ఉంటుంది. భరించలేని ఆపదను కొని తెచ్చుకుని తనను తాను అవమానపరచుకోరాదని ప్రవక్త (స) విశ్వాసికి బోధించారు. బదిలీ చేసే విధానం సందేహాస్పదమైనా సంపాదన సందేహాస్పదం కాదన్న విచక్షణ ముఖ్యం. దీనిని విస్మరించి పేద కుటుంబాలను భయపెట్టే ఉపన్యాసాలు మేలు చేయవు.

తెలుసుకోవలసినవాడు ఎవరు

నియమాలు ఎంత వేగంగా మారుతాయో ఒక్క వరుస చూస్తే చాలు. వ్యక్తులు విదేశాలకు సొమ్ము పంపేందుకు 2004 ఫిబ్రవరిలో 25,000 డాలర్లతో అనుమతి మొదలైంది. అది పెరుగుతూ రెండు లక్షల డాలర్లకు చేరింది. 2013లో 75,000కు పడిపోయి, 2014లో 1,25,000, 2015లో 2,50,000 అయింది. విదేశీ యాత్రా ప్యాకేజీలపై 2020 అక్టోబరు నుంచి 5 శాతం పన్ను ముందే వసూలు చేయడం ప్రారంభించారు. 2023 అక్టోబరు నుంచి ఏడు లక్షలు దాటిన భాగానికి అది 20 శాతమైంది. 2025 ఏప్రిల్‌లో ఆ గీత పది లక్షలకు జరిగింది. 2026-27 బడ్జెట్టు దానిని 2 శాతానికి తగ్గించింది. ప్రైవేటు నిర్వాహకుల ఉమ్రా ప్యాకేజీ కూడా ఈ కోవలోనిదే.

లక్ష రూపాయల ప్యాకేజీ కొన్న దంపతులు తలకు 5,000 చొప్పున పదివేలు కట్టారనుకుందాం. ఆ సొమ్ము వారి పాన్ పేరనే ప్రభుత్వం వద్ద జమ అయి ఉంటుంది. ఆదాయపు పన్ను రిటర్ను దాఖలు చేస్తే, కట్టవలసిన పన్ను లేనివారికి మొత్తం తిరిగి వస్తుంది. పన్ను పరిధిలోకి రాని వృద్ధులు రిటర్ను ఎన్నడూ వేయరు. నిర్వాహకుడు చెప్పడు. పదివేలు అక్కడే ఉండిపోతాయి. ఆదాయం లేనివాడే ఎక్కువ నష్టపోయే ఏర్పాటు ఇది.

2016 నవంబరు నాటి నోట్ల రద్దు మరొక పాఠం. ప్రవాస భారతీయులకు పాత నోట్లు మార్చుకునేందుకు 2017 జూన్ 30 దాకా, తలకు 25,000 రూపాయల మేరకు గడువు ఇచ్చారు. కాని ఆ నోట్లను విమానాశ్రయంలో కస్టమ్సు వారికి చూపి ధ్రువపత్రం పొందాలి. మార్పిడి ముంబాయి, ఢిల్లీ, కలకత్తా, చెన్నై, నాగపూరు రిజర్వు బ్యాంకు కార్యాలయాలలోనే. హైదరాబాదు ఆ జాబితాలో లేదు. శంషాబాదులో దిగిన శ్రామికుడు ధ్రువపత్రం మాట తెలియక ఆకుపచ్చ దారిన బయటికి నడిచి వస్తే, నాగపూరు వెళ్లినా ఫలితం ఉండేది కాదు.

మూల నియమాలు ఇంగ్లీషు, హిందీలలో వెలువడతాయి. తెలుగు, ఉర్దూ మాత్రమే చదవగలిగినవారికి అవి చేరేది ఏజెంటు నోటి ద్వారానే. వ్యాపార ధర్మం ఎరగనివారు బజారులో అమ్మకానికి కూర్చోరాదని హజ్రత్ ఉమర్ (రజి) శాసించినట్లు ఉల్లేఖనం ఉంది. ఆ ఆదేశం అమ్మేవానికి వర్తించినట్లే, ఆ బజారు గుండా పోవలసిన యాత్రికునికి బోధించేవారికి కూడా వర్తిస్తుంది. హజ్ శిక్షణ శిబిరాలలో ఇహ్రామ్, తవాఫ్, సయీలను ఓపికగా నేర్పుతున్నారు. దానికి తోడు ఒక గంట సేపు బ్యాంకు ఉద్యోగినో, లెక్కల పరీక్షకునినో పిలిచి ఆ ఏటి నియమాలు చెప్పించడం కష్టమేమీ కాదు. నిరుటి కాగితాన్ని మళ్లీ పంచకుండా చూసుకుంటే చాలు.

తిరుగు ప్రయాణం

తిరిగి వచ్చేటప్పుడు వర్తించే నియమాలు కొన్నే. విదేశీ నోట్లు 5,000 డాలర్ల విలువను మించినా, నోట్లు, ట్రావెలర్సు చెక్కులు వగైరా కలిపి 10,000 డాలర్లు మించినా కస్టమ్సు వద్ద ప్రకటన పత్రం నింపాలి. అంతకు లోబడితే అక్కర లేదు. సొమ్ము తేవడానికి గరిష్ఠ పరిమితి లేదు, ప్రకటించకపోవడమే తప్పు. భారతీయ రూపాయలు 25,000 వరకు వెంట ఉంచుకోవచ్చు. 2014కు ముందు ఇది 10,000 మాత్రమే.

ఖర్చు కాగా మిగిలిన రియాళ్లను ఇల్లు చేరిన 180 రోజులలోగా అధీకృత మార్పిడిదారుకు ఇచ్చివేయాలి. 2,000 డాలర్ల విలువ వరకు నోట్లు మరో ప్రయాణానికి దాచుకోవచ్చు. జకాత్ లెక్కించే నాటికి అవి చేతిలో ఉంటే ఆ రోజు రేటు ప్రకారం మిగతా సొమ్ముతో కలపాలి. మక్కా బజారులో చిల్లరగా వచ్చి జేబు అడుగున మిగిలిపోయే హలలా నాణేలకు మాత్రం పరిమితి లేదు. వాటిని ఎన్నయినా, ఎన్నాళ్లయినా ఇంట్లో ఉంచుకోవచ్చు.